జెనెసిస్ వస్తే ఏ బండ్లు తేవాలి? ఆరుగురు ఎక్కే లగ్జరీ బండి ఎవరూ చేయరా?

చీనీతోట_అనంతపురం
హ్యుందాయ్ వాళ్ళు తమ లగ్జరీ బ్రాండ్ జెనెసిస్‌ను 2027 కల్లా ఇండియాకు తెస్తామని 2025 అక్టోబర్‌లో చెప్పినారు. ఇక్కడే బిగిస్తారంట కూడా. అప్పట్నించి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఏ మోడల్‌తో మొదలుపెడతారు, ఆ తర్వాత ఏం తెస్తారు?

ఎందుకంటే నా బాధ ఇది. ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాయన. ఇన్నోవా 2 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంకా గట్టిగానే ఉంది. నెలకు రెండుసార్లు బెంగళూరు పోతాం. ఈసారి తోట పర్వాలేదనిపించింది, 65-70 లక్షల్లో మంచి బండి తీసుకుందామని బెంగళూరులో ఒక పెద్ద కంపెనీ షోరూంకు పోయినా. పేరొద్దు. సేల్స్ అబ్బాయి ముందు నా చెప్పులు చూసినాడు, ఆ తర్వాత మొహం చూసినాడు. ఏడు సీట్లది చూపియ్యప్పా అంటే "అది కోటి పైన సార్" అన్నాడు. బడ్జెట్ చెప్తే నేరుగా ఒక సెడాన్ దగ్గరికి తీసుకుపోయినాడు. మా నాయన దాంట్లో కూర్చోవడం బాగానే కూర్చున్నాడు. లేపడానికి మాత్రం ఇద్దరం చేతులు పట్టి గుంజాల్సి వచ్చింది.

ఏ కంపెనీ చూసినా ఇదే వరస. రెండు సెడాన్లు, ఒక చిట్టి ఎస్‌యూవీ, ఆ పైన ఒక్కసారిగా కోటి. కొత్తగా వచ్చేవాళ్ళన్నా మధ్యలో ఏమన్నా పెడతారా?

బురుజు_బాషా
ముందు చీనీ టన్ను ఎంత పలికిందో చెప్పప్పా. బండి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను ఉల్లిగడ్డ పెట్టి మోటర్‌సైకిల్ కిస్తీలు కట్టుకుంటున్నా.

ప్లాంట్_పక్కనోడు
పెనుకొండ కియా ప్లాంటుకు సామాన్లు పంపే ఒక చిన్న కంపెనీలో పని నాది. అందుకని అందరూ నన్నే అడుగుతున్నారు, జెనెసిస్ ఇక్కడే చేస్తారా అని. నాకు తెలియదు, తెలిసినా చెప్పను.

తెలిసింది చెప్తా. కియా, హ్యుందాయ్ ఒకే గ్రూపు. జెనెసిస్ హ్యుందాయ్‌ది. 2015 నవంబర్‌లో సొంత బ్రాండ్‌గా వేరు చేసినారు. మొదట్లో అన్నీ సెడాన్లే. జీ90, జీ80, 2017లో జీ70. అమెరికాలో జనం ఎస్‌యూవీల వెంట పడుతుంటే వీళ్ళ దగ్గర మూడు సెడాన్లు. మొదటి ఎస్‌యూవీ జీవీ80 వచ్చేసరికి 2020 అయింది. వెంటనే జీవీ70, 2021లో కరెంటుది జీవీ60. అప్పుడు గానీ లెక్క తిరగలేదు. 2023 ఆగస్టుకు మొత్తం అమ్మకాలు 10 లక్షల బండ్లు దాటినాయి.

కాబట్టి ఇక్కడికి సెడాన్ పట్టుకుని వచ్చే తప్పు మళ్ళీ చేయరనుకుంటా.

కారందోశ_కడప
చీనీతోట అన్నా, నీకు ఆరు సీట్లు కావాలి, ఒప్పుకుంటా. కానీ నీలాంటి వాళ్ళు ఊరికి ఎంతమంది? నాలాంటి వాళ్ళు ఎక్కువ. నలుగురం, బడ్జెట్ 40-45. పెద్ద బ్రాండ్ ముక్కు మీద ఉండాల, కిస్తీ కట్టగలిగేలా ఉండాల. బీఎండబ్ల్యూ వాళ్ళు చేసింది చూడు. ఐఎక్స్1 పొడుగు మోడల్ 2025 జనవరిలో 49 లక్షలకు దించినారు. వోల్వో వాళ్ళు ఈఎక్స్30 అదే సంవత్సరం 41 లక్షలకు తెచ్చినారు, హోస్కోటలో బిగించి మరీ. జెనెసిస్ కూడా కింద నుంచే రావాల. ముందు జనం ఇంట్లోకి రానీ, పెద్దది తర్వాత వాళ్ళే కొంటారు.

జరీఅంచు_ధర్మవరం
కారందోశ తమ్ముడూ, నీ లెక్కకు నా దగ్గర అనుభవం ఉంది. కార్లది కాదు, చీరలది.

మా మామ అంగడిలో చేతిమగ్గం పట్టు మాత్రమే ఉండేది. 15 వేలు, 18 వేలు, పెళ్ళి చీర అయితే ఇంకా పైన. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని కొనేవాళ్ళు. ఒక సంవత్సరం మా మామ కొడుక్కి ఆశ పుట్టింది. అదే అంగట్లో, అదే గల్లాపెట్టె పక్కన, మరమగ్గం చీరలు 900కి, 1200కి పెట్టినాడు. మొదటి దసరాకు జనం తోసుకున్నారు. గల్లా నిండింది. మా మామ కూడా మురిసినాడు.

రెండో సంవత్సరం పాత గిరాకీ ఒకామె వచ్చింది. ఇరవై ఏండ్లుగా వచ్చే మనిషి. 18 వేల చీర చేతిలోకి తీసుకుని, అంచు తిప్పి, వెనకపక్క దారాలు చూసి, "ఇది కూడా మరమగ్గమేనా?" అని అడిగింది. అంతే. ఇరవై ఏండ్లలో ఎప్పుడూ అడగని మాట. ఆమె ఆ రోజు కొన్నది, మళ్ళీ రాలేదు.

పైనున్నది కిందికి దిగితే కింద ఉన్నోళ్ళు సంతోషపడతారు. పైనున్నోళ్ళు లేచిపోతారు. జెనెసిస్ కొత్త బ్రాండ్. ఇంకా ఒక్క పెళ్ళి చీర కూడా అమ్మలేదు ఇక్కడ. అప్పుడే 900 చీరతో మొదలుపెడితే ఎట్ల?

పొద్దుటూరు_తులం
ధర్మవరం అన్న చెప్పింది సగం కరెక్ట్. ఒక గ్రాము బంగారం నగలు మేము కూడా అమ్ముతాం. కానీ అదే అంగట్లో కాదు. వీధికి అవతల, వేరే బోర్డు, మా బావమరిది పేరు మీద. మా అంగట్లోకి వచ్చినామె 916 తప్ప ఇంకోటి చూడదు. లాభం రెండుచోట్లా మాదే, పేరు మాత్రం కలవదు.

పెద్ద కంపెనీలు చేసింది ఇదే కదా. టయోటా వాళ్ళు 1989లో లెక్సస్ అని వేరే బోర్డు పెట్టినారు. హోండా వాళ్ళు అంతకు ముందే 1986లో అక్యూరా. హ్యుందాయ్ వాళ్ళు జెనెసిస్ పెట్టిందీ అందుకే. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు మాత్రం సొంత బోర్డు మీదే ఫేటన్ అని పెద్ద బండి అమ్మబోయినారు, డ్రెస్డెన్‌లో దానికోసం అద్దాల ఫ్యాక్టరీ కూడా కట్టినారు. బండి గొప్పదే. కానీ పోలో అమ్మే బోర్డు కింద అంత డబ్బు ఎవరు పెడతారు? 2016లో ఆపేసినారు.

కాబట్టి కిందకు రావాలంటే హ్యుందాయ్ బోర్డు ఉంది, కియా బోర్డు ఉంది. జెనెసిస్ పైనే కూర్చోవాలి.

కారందోశ_కడప
మీ ఇద్దరికీ చీరలు, నగలు తప్ప ఇంకోటి కనపడదా? మెర్సిడెస్ వాళ్ళు చిన్నవి చేసినారు, ఏమైంది, మూతబడినారా?

గ్యారేజీ_గ్రంథం
ఇక్కడ నేను దూరాలి. పాత కార్ల పుస్తకాలు అటక నిండా పెట్టుకున్న మనిషిని, మా ఆవిడ వాటిని ఏదో ఒక రోజు తూకానికి వేస్తానంటోంది. ఆ లోపల పనికొచ్చేది చెప్పేస్తా.

కిందికి దిగి కొంప ముంచుకున్నోళ్ళు ఉన్నారు. అమెరికా క్యాడిలాక్ వాళ్ళు 1982 మోడల్‌గా సిమరాన్ అని చిన్నకారు తెచ్చినారు. చూస్తే షెవర్లే కవలియర్‌కు తోలు సీట్లు తొడిగినట్టుంది. 1988లో ఆపేదాకా ఆ బండి మీద జోకులే జోకులు. జాగ్వార్ వాళ్ళు 2001లో ఎక్స్-టైప్ తెచ్చినారు, అడుగున ఫోర్డ్ మాండియో. అప్పుడు జాగ్వార్ ఫోర్డ్ చేతిలోనే ఉండేది. మన టాటా వాళ్ళు 2008లో కొన్నారు గదా, అంతకు ముందు సంగతి. ఆస్టన్ మార్టిన్ వాళ్ళదైతే ఇంకా దారుణం. 2011లో టయోటా ఐక్యూ అనే మూడు మీటర్ల బండి తీసుకుని, ముందు జాలీ మార్చి, లోపల తోలు కుట్టి సిగ్నెట్ అన్నారు. రెండేండ్లకే ఆపేసినారు.

కానీ కిందికి దిగి గెలిచినోళ్ళు కూడా ఉన్నారు, ధర్మవరం అన్న ఇది వినాలి. మెర్సిడెస్ వాళ్ళు 1982లో 190 తెచ్చినారు. జనం బేబీ బెంజ్ అన్నారు. చిన్నదే, కానీ ఇంకొకరి బండి మీద అతికించింది కాదు, కొత్తగా చేసింది. తలుపు వేస్తే పెద్ద బెంజ్ తలుపు చప్పుడే వచ్చేది. అదే ఈరోజు సీ-క్లాస్ అయింది. ఆ కంపెనీనే 1997లో ఏ-క్లాస్ తెచ్చినప్పుడు మాత్రం పరువు పోయింది. స్వీడన్‌లో ఒక పత్రిక వాళ్ళు, ఎదురుగా దుప్పి వస్తే తప్పించినట్టు స్టీరింగ్ తిప్పి చూసే పరీక్ష పెడితే బండి బోర్లా పడింది. అమ్మిన బండ్లన్నీ వెనక్కి పిలిచి, బండి జారకుండా పట్టే ఈఎస్‌పీ పెట్టి ఇచ్చినారు.

ఇంకో దారి కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. పైకీ కిందికీ కాదు, పక్కకు పోవడం. లెక్సస్ వాళ్ళు 1998లో ఆర్ఎక్స్ అని తెచ్చినారు. జీపు మాదిరి ఎత్తుగా ఉంటుంది, కారు మాదిరి పోతుంది. అప్పటికి అలాంటిది లగ్జరీలో లేదు. అదే వాళ్ళ కడుపు నింపింది. పోర్షే వాళ్ళు 2002లో కయెన్ తెస్తే స్పోర్ట్స్ కార్ల పిచ్చోళ్ళంతా తిట్టినారు. ఆ తిట్లు తిట్టినోళ్ళ 911కు డబ్బులు ఎక్కడి నుంచి వచ్చినాయి? కయెన్ నుంచే. లాంబోర్గినీకి ఉరుస్, రోల్స్ రాయిస్‌కు కల్లినాన్, ఆఖరికి ఫెరారీ కూడా 2022లో నాలుగు తలుపుల పురోసాంగ్వే తెచ్చింది.

చీనీతోట అన్న అడిగింది ఈ పక్కకు పోయే దారే. ధర తగ్గించమనలేదు, ఆరుగురం ఎక్కే ఆకారం అడిగినాడు.

బురుజు_బాషా
గ్రంథం అన్నా, ఆ పుస్తకాలు తూకానికి వేసే రోజు చెప్పు. మావాడి బజ్జీల బండికి కాగితాలు కావాల.

గ్యారేజీ_గ్రంథం
నీ నోట్లో చక్కెర వేయను, బజ్జీ నూనె పోస్తా.

ఉగ్గాని_బజ్జి
చీనీతోట అన్న చెప్పిన దాంట్లో ఒక తప్పు. కోటి లోపల ఏడు సీట్ల లగ్జరీ బండి అసలు రాలేదనడం కరెక్ట్ కాదు. మెర్సిడెస్ జీఎల్‌బీ 2022 డిసెంబర్‌లో 63.8 లక్షల నుంచి వచ్చింది. ఏడు సీట్లు.

చీనీతోట_అనంతపురం
తెలుసప్పా, మా తోడల్లుడి స్నేహితునికి ఉంటే ఎక్కి చూసినా. మూడో వరుసలో మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. 1.68 మీటర్ల ఎత్తు లోపు వాళ్ళకని కంపెనీనే రాసింది. మా పెద్దోడికి పద్నాలుగేండ్లు, అప్పుడే అది దాటినాడు.

మస్తాన్_టింకరింగ్
కర్నూలులో షెడ్డు నాది. మీరంతా మోడల్ మోడల్ అంటున్నారు, నా షెడ్డుకు వచ్చేవి చూస్తే మాట్లాడరు.

పోయిన వానాకాలం ఒకాయన జర్మన్ సెడాన్ తోలుకుంటూ, కాదు, లాగించుకుంటూ వచ్చినాడు. పత్తికొండ దిక్కు పల్లెలో స్పీడ్ బ్రేకర్ ఎక్కినాడంట. ఆ స్పీడ్ బ్రేకర్ ఊళ్ళో వాళ్ళు వేసుకున్నది, రాత్రికి రాత్రి, మట్టి రాళ్ళు పోసి. ఆయిల్ చాంబర్ పగిలింది. ఆయనకు తెలియదు, ఏసీలో పాటలు పెట్టుకుని ఇంకో మూడు కిలోమీటర్లు పోయినాడు. ఇంజన్ పట్టేసింది. నేను ముట్టుకోలే. ముట్టుకుంటే వారంటీ పోతుందంట. హైదరాబాద్‌కు ఫ్లాట్‌బెడ్ మీద పంపినాం. 210 కిలోమీటర్లు పైనే. బండి తిరిగి వచ్చేసరికి రెండు నెలల పది రోజులు. బిల్లు ఎంతో చెప్తే మీకు రాత్రి నిద్ర పట్టదు.

ఇంకొకటి, స్టెప్నీ. ఈ పెద్ద బండ్లలో కొన్నింటికి స్టెప్నీనే ఉండదు. రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. గాలి పోయినా 80 కిలోమీటర్లు పోవచ్చు, 80 స్పీడు దాటకుండా అంటారు. సరే. రాత్రి పదకొండుకు గుత్తి దగ్గర పోయిందనుకో. 80 కిలోమీటర్ల లోపల ఆ సైజు టైరు ఎవడిస్తాడు? గుత్తి కోటలో ఉంటుందా?

మోడళ్ళు పది పెట్టుకోండి సామీ, స్టెప్నీ ఒకటి పెట్టండి.

ఘాట్‌రోడ్డు_రాయచోటి
మస్తాన్ భాయ్‌కి వంద లైకులు. గువ్వలచెరువు ఘాట్‌లో నేను రోజూ తిరుగుతా. అక్కడ పక్క గోడ తక్కువుండే లో-ప్రొఫైల్ టైర్లతో వచ్చేవాళ్ళు పాలకోవా కొనడానికి ఆగరు, టైరు మార్చడానికి ఆగుతారు.

ముందుసీటు_డ్రైవర్
నేను ఒక కాంట్రాక్టర్ దగ్గర పదకొండేండ్లుగా డ్రైవర్‌ని. పేర్లు వద్దు. ఆయన దగ్గర ఫార్చ్యూనర్ ఉంది, ఒక పెద్ద జర్మన్ సెడాన్ కూడా ఉంది, వెనక సీటు సోఫా లాంటిది, పొడుగు మోడల్. మెర్సిడెస్ వాళ్ళు 2017 నుంచి ఈ-క్లాస్ పొడుగుది ఇస్తున్నారు, బీఎండబ్ల్యూ వాళ్ళు కూడా 3 సిరీస్‌లో, 5 సిరీస్‌లో పొడుగువి తెచ్చినారు. వాళ్ళ లెక్క ఏందంటే ఇండియాలో ఓనర్ వెనక కూర్చుంటాడు, కాళ్ళు చాపుకోవాల అని.

మన దిక్కు ఓనర్ ఎక్కడ కూర్చుంటాడు? ముందు. డ్రైవర్ పక్కన. అద్దం కిందికి దించి, మోచెయ్యి బయటపెట్టి. ఊళ్ళోకి పోతుంటే ఎదురొచ్చినోళ్ళు దండం పెట్టాల, ఈయన చెయ్యి ఎత్తాల. వెనక సీట్లో కూర్చుంటే ఎవరికి కనపడతాడు? వెనక కూర్చునేది మనుషులు, ముగ్గురు, ఒక్కోసారి నలుగురు. మా సార్ ఆ సోఫా సీట్లో ఈ పదకొండేండ్లలో కూర్చున్నది రెండుసార్లు. రెండుసార్లూ హైదరాబాద్‌లో.

పెళ్ళికైనా, పంచాయితీకైనా, తిరుపతికైనా ఫార్చ్యూనర్ తీయమంటాడు. సెడాన్ మీద కవర్ కప్పి ఉంది. నెలకోసారి బ్యాటరీ పడుకోకుండా నేను స్టార్ట్ చేసి గేటు దాకా తీసుకుపోయి మళ్ళీ పెడతా. 

కంపెనీ వాళ్ళు బ్యాంకాక్‌లో, బొంబాయిలో సర్వే చేసుకుంటే ఇది తెలియదు. వెనక సీటుకు పెట్టే మసాజ్ మిషన్ ముందు ఎడమ సీటుకు పెట్టండి. ఆ సీటు వెనక్కి పోవాల, ఎత్తుగా ఉండాల, అద్దం పూర్తిగా దిగాల.

పొద్దుటూరు_తులం
ఇది మాత్రం నిజం. మా పెదనాయన కొత్త బండి కొన్నప్పుడల్లా ముందు సీట్లో కూర్చుని అద్దం దించి చూస్తాడు. సగమే దిగితే వద్దంటాడు. ఇంజన్ సంగతి అడగడు.

బురుజు_బాషా
మసాజ్ సీటు మీద కూర్చుని చెయ్యి ఊపుతుంటే దండం పెడుతున్నాడో వణుకుతున్నాడో ఎట్ల తెలుస్తుంది?

సోలార్_ఓర్వకల్లు
కరెంటు బండి గురించి ఒక్కరు కూడా గట్టిగా మాట్లాడలేదు. పన్ను చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద పెట్రోల్, డీజిల్ కార్లకు జీఎస్టీ 40 శాతం. అంతకు ముందు సెస్సుతో కలిపి పెద్ద ఎస్‌యూవీలకు 50 ఉండేది. కరెంటు బండికి అప్పుడూ 5, ఇప్పుడూ 5. హైబ్రిడ్ పెద్దదైతే అదీ 40లోనే. 60 లక్షల బండిలో ఈ తేడా ఎంతో మీరే లెక్క వేసుకోండి. జెనెసిస్ దగ్గర జీవీ60 రెడీగా ఉంది. దాని అడుగు భాగం, హ్యుందాయ్ ఐయోనిక్ 5, కియా ఈవీ6 ఒకటే. ఐయోనిక్ 5ను చెన్నైలో బిగించి 2023 జనవరిలో 44.95 లక్షలకు ఇచ్చినారు కూడా. అంటే దారి తెలుసు వాళ్ళకు.

మా ఊరి పక్కన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టుకుని డీజిల్ బండి కోసం కొట్లాడుతున్నాం.

మస్తాన్_టింకరింగ్
పార్కు ఉంటే సరిపోతుందా, దాంట్లోంచి వైరు లాగి బండికి పెట్టుకుంటావా? హైవే మీద ఛార్జర్ ఉంటుంది, ఒప్పుకుంటా. ఒక్కోసారి పనిచేస్తది కూడా. అక్కడి నుంచి లోపలికి పోతే?

సోలార్_ఓర్వకల్లు
ఇంట్లో పెట్టుకుంటావు భాయ్. రాత్రి పెట్టి పొద్దున తీసుకుంటావు, సెల్‌ఫోన్ మాదిరి. అనంతపురం నుంచి బెంగళూరు 210 చిల్లర కిలోమీటర్లు, ఒక ఛార్జింగ్‌కు పోయి కూర్చోవచ్చు. చీనీతోట అన్నకు నెలకు రెండు ట్రిప్పులు అంటున్నాడు, ఇంతకన్నా ఏం కావాల.

ప్లాంట్_పక్కనోడు
పన్ను సంగతి సోలార్ అన్న కరెక్ట్‌గా చెప్పినాడు, ఇంకోటి కలుపుతా. పూర్తిగా తయారైన ఖరీదు బండిని ఓడలో తెస్తే కస్టమ్స్ 100 శాతం దాటిపోతుంది. విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగిస్తే చాలా తక్కువ. అందుకే లెక్సస్ వాళ్ళు 2017లో వచ్చినా, ఈఎస్‌ను 2020 నుంచి బిడదిలో బిగించడం మొదలుపెట్టినాకనే ధర కాస్త నేలకు దిగింది. ఇది మోడళ్ళ లెక్కను కూడా మారుస్తుంది. బిగించాలంటే ఒక్కో మోడల్‌కు ఒక లైను, మనుషులకు ట్రైనింగ్, జిగ్గులు (భాగాలను కదలకుండా పట్టి ఉంచే చట్రాలు), టెస్టింగ్. సంవత్సరానికి 300 బండ్లు పోయే మోడల్‌కు ఎవరూ అది పెట్టరు. కాబట్టి "పది మోడళ్ళు తేండి" అనడం సులువు. రెండు బిగిస్తారు, మిగతావి ఓడలో వస్తాయి, అవి షోరూంలో ఫోటోలకు.

నా అంచనా, అంచనా మాత్రమే, జీవీ70 పెట్రోల్, కరెంటు రెండూ, దాని వెనక జీవీ80. జీవీ80కి మూడో వరుస ఆప్షన్ ఉంది, చీనీతోట అన్నా. బండి 4.9 మీటర్ల పైన పొడుగు. నీ 70 లక్షల్లో వస్తుందని మాత్రం నేను చెప్పను.

డిక్కీ_పెద్దది
నా మాట ఎవరూ వినరు గానీ, స్టేషన్ వ్యాగన్ తేవాలి. జెనెసిస్ వాళ్ళు యూరప్ కోసం జీ70లో షూటింగ్ బ్రేక్ చేసినారు. ఎంత అందంగా ఉంటుందో! కారు ఎత్తు, జీపు డిక్కీ.

ముందుసీటు_డ్రైవర్
మన దిక్కు ఆ ఆకారం చూస్తే జనం టోపీ తీసి పక్కకు నిలబడతారు. ఆస్పత్రి నుంచి ఎవరిని తెస్తున్నారు అని అడుగుతారు.

డిక్కీ_పెద్దది
టాటా ఎస్టేట్ 1992లో వచ్చినప్పుడు కూడా మా నాయనతో ఇదే మాట అన్నారంట. ఆయన అయినా కొన్నాడు. నేనూ అదే రక్తం.

కారందోశ_కడప
అసలు చీనీతోట అన్నకు జవాబు ఆయన ఇంటి దగ్గరే ఉంది. కియా కార్నివాల్. 2024 అక్టోబర్‌లో 63.90 లక్షలు. ఏడు సీట్లు, జారుడు తలుపులు, రెండో వరుస విమానం సీట్ల మాదిరి. బడ్జెట్ లోపలే. లగ్జరీ అనే బోర్డు లేదు, అంతే తేడా. ఇప్పుడు చెప్పండి, బోర్డుకు డబ్బులిస్తున్నారా, సీట్లకా?

గ్యారేజీ_గ్రంథం
కడపోడు మొదటిసారి నా మనసులో మాట చెప్పినాడు. లెక్సస్ వాళ్ళు చేసింది అదే. టయోటా వెల్‌ఫైర్, ఆల్ఫర్డ్ అడుగు తీసుకుని ఎల్ఎం అని వ్యాన్ చేసినారు, ఇక్కడ 2 కోట్లకు 2024లో దించినారు. వ్యాన్‌ను పట్టుకుని లగ్జరీ అంటే ఒకప్పుడు నవ్వేవాళ్ళు.

జరీఅంచు_ధర్మవరం
ఆగండాగండి. సిగ్నెట్ కూడా టయోటా మీద అతికించిందే, దాన్ని తిట్టినావు. ఎల్ఎం కూడా టయోటానే, దాన్ని పొగుడుతున్నావు. ఎట్ల?

గ్యారేజీ_గ్రంథం
మంచి ప్రశ్న. రాత్రంతా ఆలోచించినా. సిగ్నెట్ కొన్నాయనకు ఐక్యూలో లేనిది ఏం దొరికింది? తోలు, బిళ్ళ. ఎల్ఎం నాలుగు సీట్ల దాంట్లో ఎక్కినాయనకు ముందుకూ వెనక్కీ మధ్య గోడ, 48 అంగుళాల టీవీ, పడుకునే సీటు. కింద ఇనుము ఒకటే కావచ్చు, పైన పని వేరే. నీ భాషలో చెప్తా. నూలు ఎక్కడిదైనా, మగ్గం మీద ఎవరు కూర్చున్నారు అన్నది చూడాల.

జరీఅంచు_ధర్మవరం
సగం ఒప్పుకుంటున్నా. మిగతా సగం దసరా తర్వాత.

ఉగ్గాని_బజ్జి
జెనెసిస్ వాళ్ళు 2024 మార్చిలో న్యూయార్క్‌లో నియోలన్ అని ఒక పెద్ద ఎస్‌యూవీ నమూనా చూపించినారు. తలుపులు ఎదురెదురుగా తెరుచుకుంటాయి, మధ్యలో స్తంభం లేదు. పెళ్ళి మంటపం మాదిరి. మీ నాయన లేవడానికి ఇద్దరు అక్కర్లేదు, నేరుగా నడుచుకుంటూ దిగుతాడు.

బురుజు_బాషా
ఆ తలుపులు మా పాతబస్తీ సందులో తెరిస్తే ఒకటి మా ఇంట్లోకి, ఒకటి ఎదురింట్లోకి పోతాయి.

చీనీతోట_అనంతపురం
అందరికీ ఒక కబురు. పోయిన ఆదివారం అమ్మానాయనలను తీసుకుని బెంగళూరు పోయినా, ఈసారి ఒక షోరూం కాదు, నాలుగు తిరిగినాం. కరెంటువి రెండు, పెట్రోలు ఎస్‌యూవీ ఒకటి, ఆ జారుడు తలుపుల వ్యాను ఒకటి.

అమ్మ పరీక్ష పెట్టింది. కంపెనీ వాళ్ళ దుప్పి పరీక్ష కాదు, అమ్మ సొంతంది. ఇంటి నుంచి ఒక చీనీకాయల సంచి, ఒక స్టీలు క్యారియర్ తెచ్చింది. ప్రతి బండిలో ముందు సంచి ఎక్కడ పెట్టాలో చూసింది. తర్వాత తాను ఎక్కింది. పట్టుకోవడానికి తలుపు పక్కన పిడి ఉందా, అడుగు ఎంత ఎత్తు, చీర కుచ్చెళ్ళు తలుపులో పడతాయా. ఎక్కి కూర్చున్నాక క్యారియర్ ఒడిలో పెట్టుకుని మూత తీసి చూసింది, చెయ్యి ఆడుతుందా లేదా అని. నాలుగో షోరూంలో అబ్బాయి పాపం ఓపిక గలవాడు, ఆమెకు టిష్యూ పేపర్ కూడా ఇచ్చినాడు.

ఒక 62 లక్షల ఎస్‌యూవీలో వెనక సీటు వంపుగా ఉండి సంచి జారి కిందపడింది. కాయలు షోరూం గ్రానైట్ మీద దొర్లినాయి. మేమూ సేల్స్ వాళ్ళూ అందరం వంగి ఏరినాం. ఆ ఒక్కటి మా లిస్టులోంచి పోయింది.

నాయనకు వ్యాను నచ్చింది. అమ్మ మాత్రం "తలుపు తనంతట తాను మూసుకుంటోంది, కుచ్చెళ్ళు పట్టుకుంటే?" అంది. చెయ్యి అడ్డం పెడితే తలుపు ఆగిపోతుందని ఆ అబ్బాయి మూడుసార్లు చూపించినాడు. మూడోసారి అమ్మ క్యారియర్ అడ్డం పెట్టింది. ఆగింది. సొట్ట కూడా పడలేదు.

ఇంకా ఏదీ బుక్ చేయలే. 2027 దాకా ఆగుదామా అని నేనంటే, అప్పటికి మోకాళ్ళు ఎట్లుంటాయో అని నాయన అంటున్నాడు.

కారందోశ_కడప
అమ్మగారిని కంపెనీ వాళ్ళు కొరియాకు పిలిపించుకోవాల. ఒక నెల పెట్టుకుంటే మోడళ్ళన్నీ సరిపోతాయి.

మస్తాన్_టింకరింగ్
స్టెప్నీ ఉందో లేదో అడిగినారా?

చీనీతోట_అనంతపురం
రెండింటికి లేదు భాయ్. నువ్వు గుర్తొచ్చినావు.

ప్లాంట్_పక్కనోడు
అన్నా, ఇన్నోవా అమ్మే ఉద్దేశం ఉంటే ముందు నాకే చెప్పు. ఏ సంవత్సరంది, టైర్లు ఎప్పుడు మార్చినావు?

బురుజు_బాషా
నేను ముందు అడగాలనుకున్నా! క్యూలో రెండోవాడిని నేనే.